కర్మాగారపు లెక్కలలో కంపెనీ తన మాట తాను చెప్పవలెను
(జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ అధ్యక్షులవారికి బహిరంగ లేఖ)



సిమెంటు, ఉక్కు, ఔషధములు, నూలు, చక్కెర మున్నగు వస్తువులను తయారుచేయు కంపెనీల వార్షిక నివేదికలు ఏటేట ఆషాఢ శ్రావణములలో వాటాదారులకు చేరుచుండును. వానిని మొదటి పుటనుండి తుదివరకు చదువు అలవాటుగల చిన్న వాటాదారులలో నేనొకడను. ఒక కర్మాగారపు లెక్కల విభాగములో జీవితమున అధికభాగము గడపినవాడను. చైర్మనుగారి సందేశమును, రంగురంగుల ఛాయాచిత్రములను దాటి, ఆ యేటి లాభమెంతయో చూచుటకు పూర్వమే నేను తెరచునవి లెక్కలకు అనుబంధముగా ముద్రింపబడు తొలి గమనికలు. కంపెనీ తన భవనములను, యంత్రములను, సరుకు నిల్వలను, రావలసిన బాకీలను, తీర్చవలసిన అప్పులను, తదితర విత్త సాధనములను ఏ పద్ధతి ననుసరించి లెక్క కట్టినదో ఆ గమనికలు చెప్పవలెను. చెప్పినట్లు కనబడుచునే అవి ఏమియు చెప్పకపోవుట ఈ లేఖకు కారణము.

ఒక సిమెంటు కంపెనీ గమనికను, ఒక మందుల కంపెనీ గమనికను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినవారికి, కంపెనీ పేరు తప్ప వేరు భేదము కానరాని పుటలు అనేకము కనబడును. ఆస్తులను ఖరీదునుండి తరుగుదల తీసివేసి చూపుదుమని రెండును చెప్పును. సరుకును ఖరీదు, అమ్మకపు నికర విలువ అను రెండింటిలో ఏది తక్కువయో దానికి చూపుదుమని రెండును చెప్పును. విత్త ఆస్తులను మూడు వర్గములుగా విభజింతుమని రెండును అక్షరము పొల్లుపోకుండ చెప్పును. ఇవి చట్టము విధించిన ప్రమాణములలోని వాక్యములే. చట్టమును పాటింతుమని చెప్పుటకు పుటలకొలది వ్రాయ నక్కరలేదు. ప్రమాణము కంపెనీ యిష్టమునకు వదలిన తావులలో ఈ కంపెనీ ఏది యెంచుకొన్నది, ఏల యెంచుకొన్నది, ఆ యెంపికవలన లాభము ఎంత మారినది అను మూడు ప్రశ్నలకే చదువరి జవాబు వెదకుచుండగా, ఆ జవాబు మాత్రము ఆ పుటలలో దొరకదు.

2013 కంపెనీల చట్టము 134వ సెక్షను, అయిదవ ఉపసెక్షను ప్రకారము, అకౌంటింగు విధానములను తామే యెంచుకొని ఎడతెగక పాటించితిమనియు, తమ నిర్ణయములును అంచనాలును సహేతుకములు, జాగరూకములు అనియు డైరెక్టర్లు వాటాదారులకు ప్రతి సంవత్సరము వ్రాసి యియ్యవలెను. ఇది సామాన్యమయిన బాధ్యత కాదు. లాభమనునది గల్లాపెట్టెలో లెక్కపెట్టి చూపగల వస్తువు కాదనియు, అందులో నగదు కొంత, అంచనా కొంత, విశ్వాసము కొంత కలిసియుండుననియు ఎరిగియే శాసనకర్తలు ఆ మాటలను డైరెక్టర్లచేత చెప్పించుచున్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అక్షపటలమును (లెక్కల కార్యాలయమును) గూర్చిన అధ్యాయము, లెక్కల అధికారులు ఆషాఢమాసమున తమ పుస్తకములను ముద్రలు వేసి తీసికొనివచ్చి, ఒకరితో నొకరు సంభాషింపకుండ అప్పగింపవలెనని విధించినది. లెక్క వ్రాసినవాడు ఇతరుని మాట అరువు తెచ్చుకొనక తన లెక్కకు తానే జవాబుదారి కావలెనను తలంపు మన దేశమున అంత ప్రాచీనమయినది. ఈనాటి గమనికలలో లోపించినది సరిగా అదియే.

విషయమును దూరమునుండి చెప్పుటకంటె ఒక యంత్రము దగ్గరకు పోయి చూచుట మేలు. పలనాడు, నల్లగొండ సీమల సున్నపురాతి నేలలపై నిలిచిన సిమెంటు కర్మాగారములలో దేనికి వెళ్ళినను, కొంచెము వాలుగా పరుండబెట్టి నెమ్మదిగా త్రిప్పబడు పొడవైన ఉక్కు గొట్టము కనబడును. దానిని కిల్ను అందురు. లోపల సున్నపురాతి పొడి సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి చేరి క్లింకరుగా మారును. ఆ వేడిమి ఉక్కును కాల్చివేయకుండ లోపలివైపంతయు అగ్నినిరోధకపు ఇటుకలు పేర్చబడియుండును. జ్వాల సోకు భాగమున ఆ ఇటుకలు ఏడాదికో, అంతకు కొంచెము అటునిటుగనో అరిగి మార్పునకు వచ్చును. గొట్టమును త్రిప్పు పెద్ద పండ్లచక్రము చాల సంవత్సరములు పనిచేయును. గొట్టము తాను దశాబ్దములు నిలుచును. ఇక ఈ యంత్రమునకు ఆయుర్దాయ మెంత అని అడిగిన యెడల, ఏ భాగమునకు అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. ముఖ్యభాగముల ఆయువు వేరైనచో తరుగుదల వేరుగా లెక్కింపవలెనను నియమము 2015 ఏప్రిల్ 1వ తేదీనుండి నిర్బంధమయినది. ఐనను ఎన్ని కంపెనీలు తమ గమనికలలో ఏ భాగములను వేరుచేసినవో, ఒక్కొక్కదానికి ఎన్ని యేండ్లు యెంచినవో చెప్పుచున్నవి? ‘ముఖ్యభాగములు వేరుగా లెక్కింపబడును’ అని ప్రమాణములోని వాక్యమునే మరల మనకు అప్పగించి ఊరకుందురు.

2013 కంపెనీల చట్టపు రెండవ షెడ్యూలు సాధారణ యంత్రసామగ్రికి 15 ఏండ్లు, ఎడతెగక నడచు ప్రక్రియాయంత్రములకు 25 ఏండ్లు, కర్మాగార భవనములకు 30 ఏండ్లు ఆయువుగా సూచించి, అవశేషపు విలువ మూలధరలో 5 శాతమునకు మించరాదని చెప్పినది. సాంకేతిక నిపుణుల సలహా ఉన్న యెడల వేరొక ఆయువును పెట్టుకొనవచ్చును గాని కారణము వెల్లడింపవలెను. ఈ వెసులుబాటు మంచిదే. ఒకే షెడ్యూలు దేశములోని యంత్రములన్నిటికిని సరిపోదు. కాని దాని బలమెట్టిదో చూడుడు. 100 కోట్ల రూపాయల యంత్రమునకు 5 శాతము విడిచి 15 ఏండ్లకు సమభాగములుగా తరుగుదల వ్రాసినచో ఏటికి 6.33 కోట్లు ఖర్చు పడును. అదే యంత్రమునకు 25 ఏండ్లు ఆయువని నిశ్చయించినచో 3.80 కోట్లు చాలును. ఒక్క బస్తా సరుకు అదనముగా అమ్మకుండగనే, ఒక్క యూనిట్టు విద్యుత్తు పొదుపు కాకుండగనే, లాభము 2.53 కోట్లు పెరుగును. ఆయువును పెంచుట న్యాయమే కావచ్చును. నిపుణుడు యంత్రమును పరీక్షించియే చెప్పియుండవచ్చును. అయినను, పోయిన సంవత్సరము ఏ ఆయువు పెట్టిరి, ఈ సంవత్సరము ఏది పెట్టిరి, యంత్రములో ఏ మార్పు చూచి మార్చిరి, లాభముపై దాని ఫలమెంత అను నాలుగు వాక్యములు వ్రాయనిదే, చదువరి ఆ 2.53 కోట్లను కార్మికుల నైపుణ్యమునకో యాజమాన్యపు దక్షతకో ఆరోపించి మోసపోవును. మోసమను మాటను కఠినముగా వాడుచున్నానని ఎరుగుదును, వెనుకకు తీసికొనను.

సామాన్య యంత్రములను రెండు షిఫ్టులు నడిపిన కాలమునకు తరుగుదల సగము పెరుగవలెనని, మూడు షిఫ్టులు నడిపినచో రెట్టింపు కావలెనని షెడ్యూలే చెప్పినది. మరి ఏ విభాగము ఎన్ని షిఫ్టులు నడచినదో గమనికలో చూచినవారు తక్కువ. స్టోర్సు గదిలో గ్రీజు పూసి గోనెపట్టా కప్పి సంవత్సరములతరబడి ఉంచిన గేరుబాక్సు సరుకు నిల్వయా, యంత్రములో భాగమా అనునది మరియొక సందేహము. అనుకోని విరుపు వచ్చినపుడు ఒక యేడాదికి మించి ఉపయోగపడుటకై నిలువ ఉంచు పెద్ద విడిభాగము యంత్రములోనిదే యగునని భారతీయ అకౌంటింగు ప్రమాణము (ఇండ్ ఏఎస్) 16 అర్థము. అట్టిది సరుకులో కలిపినచో తరుగుదలను తప్పించుకొని వాడిననాడు మాత్రమే ఖర్చులోనికి వచ్చును. ఇక నిలిచిపోయిన యంత్రములమాట. నడువకపోయినంతమాత్రమున, పూర్తిగా తరిగిపోయిననే తప్ప, సమభాగ పద్ధతిలో తరుగుదల ఆగదు. తెలుగు నేలపై మూతపడిన చక్కెర మిల్లుల ప్రక్కగా పోయినవారెవరికైనను, తుప్పుపట్టిన ఆ గానుగల విలువ పుస్తకములలో ఎంత మిగిలియున్నదో తెలిసికొనవలెనని తోచును. విలువ క్షీణతను పరీక్షింపవలసినది అట్టి చోటనే. ఆ పరీక్షకు రాబోవు సంవత్సరముల నగదు రాకడను ఊహించి, ఒక వడ్డీ రేటుతో నేటి విలువకు తగ్గింతురు. ఏ రేటు, ఎంత వృద్ధి అనునవి చెప్పనిచో ‘పరీక్షించితిమి, క్షీణత లేదు’ అను వాక్యమునకు బరువు లేదు.

సరుకు నిల్వల విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. అందుచేతనే ఎక్కువమంది దృష్టికి రానిది. తయారైన సరుకు ఖరీదులో ముడిసరుకు, కూలి మాత్రమేగాక కర్మాగారపు స్థిరవ్యయములలో ఒక పాలుకూడ కలియును. ఆ పాలును కర్మాగారపు సాధారణ ఉత్పత్తిశక్తి ననుసరించి పంచవలెనుగాని, తక్కువ ఉత్పత్తి జరిగిన యేట ఆ కొద్ది సరుకుపై భారమంతయు మోపరాదని ఇండ్ ఏఎస్ 2 శాసించినది. స్థిరవ్యయము 50 కోట్లు, సాధారణ ఉత్పత్తి 10 లక్షల టన్నులు అయినచో టన్నుకు 500 రూపాయలు పడవలెను. గిరాకి లేక 5 లక్షల టన్నులే తయారయిన యేట టన్నుకు 1,000 రూపాయల చొప్పున పంచిరనుకొందము. సంవత్సరాంతమున గోదాములో లక్ష టన్నులు మిగిలినచో, ఆ నిల్వలో 5 కోట్ల నష్టము ఆస్తి వేషముతో దాగియుండును. వచ్చు యేడు ఆ సరుకు అమ్ముడుపోవునపుడుగాని అది బయటపడదు. సాధారణ ఉత్పత్తిశక్తి యనగా ఎంతయని ఈ కంపెనీ నిశ్చయించినది? నామఫలకముపైనున్న సామర్థ్యమా, గత అయిదేండ్ల సగటా, మరమ్మతులకు నిలుపు దినములను తీసివేసిన మొత్తమా? ఈ ఒక్క సంఖ్య గమనికలో వ్రాసినచో ఎన్నియో సందేహములు తీరును. వ్రాయుటకు అరపంక్తి చాలును.

యంత్రమును, విత్త సాధనమును ఒకదానితో నొకటి ముడిపెట్టిన ఘట్టమొకటి మన దేశపు లెక్కల చరిత్రలో కలదు, దానిని మరవరాదు. 2008 ప్రారంభమున డాలరుకు సుమారు 40 రూపాయలుండగా, మరుసటి యేటి మార్చినాటికి అది 50 దాటెను. విదేశములలో అప్పు చేసి యంత్రములు తెచ్చుకొన్న కంపెనీలకు పెద్ద నష్టము పొంచియుండెను: ఒక కోటి డాలర్ల అప్పు 40 కోట్లనుండి 50 కోట్లయినచో, 10 కోట్లు లాభనష్టముల ఖాతాలో పడవలసినవే. అంతకు ఒక సంవత్సరము పూర్వము, 2008 మార్చి 29వ తేదీన, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ విదేశమారకపు డెరివేటివులపై పొడసూపిన నష్టములను జాగరూకతా సూత్రము ననుసరించి వెంటనే గుర్తింపవలెనని ప్రకటించియుండెను. జాగరూకత గెలిచినదని లెక్కల పనివారమందరము సంతోషించితిమి. కాని 2009 మార్చి 31న, సంవత్సరము ముగియు దినముననే, కేంద్రప్రభుత్వము అకౌంటింగు ప్రమాణము 11ను సవరించి, దీర్ఘకాలపు విదేశీ అప్పులపై వచ్చిన మారకపు భేదమును యంత్రపు ఖరీదులో కలుపుకొనుటకు అనుమతించెను. ఆ వెసులుబాటు 2011 డిసెంబరులో 2020 వరకు పొడిగింపబడెను. ఆపై ఇండ్ ఏఎస్‌లోనికి మారిన కంపెనీలు పాత అప్పులకు దానిని కొనసాగించు హక్కునుకూడ పొందెను.

ఆ నిర్ణయమును ఆనాటి ప్రపంచ సంక్షోభ సమయమున సమర్థించినవారి వాదనను నేను తృణీకరింపను. ఎన్నో కంపెనీలు ఒక్క యేటి రూపాయి పతనముచే నిలువునీరయియుండెడివి. కాని దాని ఫలితమును కంటితో చూడుడు. కర్మాగారములో నిలిచియున్న యంత్రమునకు ఒక్క మర అయినను అదనముగా బిగింపబడలేదు; అది నిన్న చేసినంత పనియే నేడును చేయుచున్నది; పుస్తకములలో మాత్రము రూపాయి పడినపుడెల్ల దాని ఖరీదు పెరిగెను. అప్పు పెరుగగా ఆస్తి పెరిగినట్లు కనబడెను. ఆ అదనపు ఖరీదు మీద తరుగుదల నేటికిని కొన్ని కంపెనీల ఖాతాలలో నడచుచునే యున్నది. యంత్రముల మొత్తములో అట్లు చేరిన మారకపు నష్టమెంత, ఇంకను మిగిలినదెంత అనునది ప్రత్యేకముగా కనబడునట్లు చూపనిచో, ‘చారిత్రక ఖరీదు’ అను మాటను నమ్మి చదువువాడు చరిత్రనే తప్పుగా చదువుచున్నాడు.

విత్త సాధనములనగానే చదువరులు డెరివేటివులు, బాండ్లు మొదలగు గహన విషయములను తలచి భయపడుదురు. కాని తయారీ కంపెనీకి గల అతిసామాన్యమయిన విత్త సాధనము కొనుగోలుదారు ఇంకను చెల్లింపని బిల్లు. దాని విషయమున ఇండ్ ఏఎస్ 109 తెచ్చిన మార్పు గొప్పది. బాకీ మునిగిన పిదప ఏడ్చుటగాక, బాకీ పుట్టిన దినముననే అందులో మునుగనున్న భాగమును అంచనావేసి ఏర్పాటు చేయవలెనని అది ఆదేశించెను. ఆ అంచనాకు ఒక పట్టిక కట్టుదురు. ఒక కంపెనీకి 100 కోట్ల బాకీలుండగా, గడువులోనున్న 80 కోట్లపై అరశాతము, కొన్ని నెలలు ఆలస్యమయిన 12 కోట్లపై 5 శాతము, సంవత్సరము దాటిన 8 కోట్లపై 40 శాతము ఏర్పాటు చేసినచో మొత్తము 4.20 కోట్లగును. చివరి వరుసలోని 40ని 20గా మార్చినచో 2.60 కోట్లే. పట్టికలో ఒక్క గడి మారినందున 1.60 కోట్ల లాభము పుట్టినది. ఆ శాతములు ఎక్కడనుండి వచ్చినవి? గత మూడేండ్ల అనుభవమా, అయిదేండ్లదా? రాబోవు కాలపు స్థితిగతులను దేనినిబట్టి చేర్చిరి? తొంబది దినములు దాటిన బాకీ చెడినదని ప్రమాణము చేయు ఊహను ఈ కంపెనీ ఏ సాక్ష్యముతో త్రోసిపుచ్చినది? ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థలకు ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మినవారు, ప్రభుత్వపు బాకీ మునుగదుగావున ఏర్పాటు అక్కరలేదందురు. మునుగకపోవచ్చును, రెండేండ్లు ఆలస్యమయిన రూపాయి నేటి రూపాయి కాదుగదా. ఆ ఆలస్యపు నష్టమును లెక్కలోనికి తీసికొంటిరా లేదా అనునదే అడుగవలసిన మాట.

ఈ బాకీకి మరొక ముఖము కలదు. పెద్ద కంపెనీ పుస్తకములో ‘చెల్లింపవలసినది’ అని యున్న మొత్తమే జీడిమెట్లలోనో బాలానగరములోనో ఒక చిన్న షెడ్డులో లేతుమిషను నడుపుకొను తయారీదారుని పుస్తకములో ‘రావలసినది’. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 దినములలో చెల్లింపవలెననియు, ఆలస్యమయినచో బ్యాంకు రేటుకు మూడురెట్లు నెలవారీ చక్రవడ్డీ యీయవలెననియు 2006 నాటి చట్టము చెప్పుచున్నది. 2021 మార్చిలో సవరింపబడిన కంపెనీల చట్టపు మూడవ షెడ్యూలు రావలసిన బాకీలను, చెల్లింపవలసినవానిని వయస్సువారీగా చూపుమని నిర్బంధించినది. ఇది మేలయిన సంస్కరణ. దానిని మనసార అభినందింపవలెను. కాని ‘వివాదాస్పదము’ అను వరుసలోనికి ఒక బాకీని త్రోయుటకు ఆ కంపెనీ పాటించు కొలతయేదో ఎక్కడను కానరాదు. చిన్నవాడు బిల్లు పంపగా పెద్దవాడు సరుకులో లోపమని ఒక ఉత్తరము వ్రాసినంతనే అది వివాదమగునా?

పెట్టుబడుల సంగతిని క్లుప్తముగా చెప్పెదను. తయారీ కంపెనీ ఇతర కంపెనీలలో కొన్న వాటాలపై వచ్చు హెచ్చుతగ్గులను లాభనష్టములలో చూపుటయా, లేక ‘ఇతర సమగ్ర ఆదాయము’ అను వేరొక గదిలో చూపుటయా అనునది కొన్ననాడే నిర్ణయించుకొనవచ్చును. రెండవదానిని ఎంచుకొన్నచో మరల మార్చుకొనరాదు, అమ్మిననాడు వచ్చిన లాభమైనను లాభనష్టముల ఖాతాలోనికి రాదు. ఏ వాటాను ఏ గదిలో ఏల పెట్టిరో ఒక్కమాట చెప్పినచో చాలును. మార్కెట్టులో ధర లేని వాటాల సముచిత విలువను నమూనాలచే కట్టు లెక్కలలో మాత్రము ఒక్కమాట చాలదు. అచటి ప్రతి ఊహయు చదువరికి కనబడవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఆ వాటాలు యజమాని కుటుంబమునకు చెందిన వేరొక కంపెనీవి అయినపుడు.

2009 జనవరి 7వ తేదీ తెలుగువారు మరువగల దినము కాదు. హైదరాబాదులో పుట్టి ప్రపంచమున పేరుపొందిన సత్యం కంప్యూటర్స్ పుస్తకములలో లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లున్నట్లు చూపబడెనని దాని చైర్మనే లేఖ వ్రాసిన దినమది. బ్యాంకు నిల్వకంటె సరళమయిన విత్త ఆస్తి లేదు, అదియే అబద్ధమయ్యెను. ఆ ఘటన తయారీ రంగమునకు చెందినది కాకపోయినను, దానినుండి దేశము నేర్చిన పాఠములు 2013 చట్టమున ప్రతిబింబించినవి. ఆ చట్టములోని 132వ సెక్షనే 2018 అక్టోబరు 1న తమ సంస్థకు ఉనికి నిచ్చినది. కాని నే నీ లేఖలో చెప్పుచున్నది దొంగకాగితముల సంగతి కాదు. అట్టివానికి పోలీసులున్నారు, న్యాయస్థానములున్నవి. నే చెప్పునది చట్టమునకు లోబడియే, ఏ కాగితమును దిద్దకయే, ఆయువును కొంచెము పొడిగించి, శాతమును కొంచెము తగ్గించి, స్థిరవ్యయమును గోదాములో నిలిపి, చదువరికి చెప్పక లాభమును మలచు పద్ధతిని గూర్చి. దీనికి ఎవరును జైలుకు పోరు. అందుకే దీనిని పట్టించుకొనువారు తమరుతప్ప వేరొకరు లేరు.

ఇందు కొత్తచట్టము కావలసిన పనిలేదు. 2023 మార్చి 31న ఇండ్ ఏఎస్ 1 సవరింపబడి, ‘ముఖ్యమయిన విధానములు’ అన్నింటిని వెల్లడించుమనుటకు మారుగా, చదువరి నిర్ణయమునకు నిజముగా పనికివచ్చు విధాన సమాచారమును మాత్రమే వెల్లడింపవలెనను నియమము ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. ప్రమాణములోని వాక్యములను తిరుగ వ్రాయుటకంటె, తన పరిస్థితులకు ప్రమాణమును ఎట్లు అన్వయించుకొన్నదో చెప్పు కంపెనీ సమాచారమే విలువైనదని ఆ సవరణయే స్పష్టముగా పలికినది. అదే దినమున ఇండ్ ఏఎస్ 8 కూడ విధానము వేరు, అంచనా వేరు అని నిర్వచించి చూపినది. ఆ సవరణ పిదప కొన్ని నివేదికలలో శీర్షిక మారినది; శీర్షిక క్రిందనున్న పుటలు మారలేదు. చిత్రమేమనగా, 2018 ఏప్రిల్ నుండి ఆడిటర్లు తమ నివేదికలో ముఖ్య ఆడిట్ విషయములను వివరించుట మొదలుపెట్టిన తరువాత, కంపెనీ ఎక్కడ క్లిష్టమైన నిర్ణయము తీసికొన్నదో ఆడిటరు పేరాగ్రాఫునుండి తెలిసికొనవలసి వచ్చుచున్నది. డైరెక్టర్ల గమనికలో ఆ సంగతి ఉండదు. నిర్ణయించినవారు మౌనము వహింపగా, పరీక్షించినవారు చెప్పుట ధర్మము తలక్రిందులగుట.

కంపెనీలవారు రెండు అభ్యంతరములు చెప్పుచుందురు. ఇంత వివరము చెప్పినచో పోటీదారులకు రహస్యములు తెలియునని మొదటిది. కిల్ను ఇటుకల ఆయువు పోటీదారునికి తెలియని రహస్యము కాదు. అతడును అవే ఇటుకలు కొనుచున్నాడు. తెలియనివాడు వాటాదారుడు ఒక్కడే. రెండవది న్యాయవాదుల భయము: ప్రమాణపు భాషను విడిచి సొంతమాటలలో వ్రాసినచో ఎక్కడ చిక్కు వచ్చునోయని. ఈ భయములో సత్యము కొంత కలదు. తమ సంస్థ తనిఖీలు సైతము దానికి కారణము కాగలవు, ఏలయన సొంతమాట వ్రాసినవానినే ముందు ప్రశ్నించుట సులభము. కావున సొంతమాట వ్రాసి పొరబడినవానికంటె, అరువుమాట వ్రాసి దాగినవానినే తమరు ముందుగా పిలిచి అడుగుదురని దేశమునకు తెలియునట్లు చేయవలసియున్నది.

ఈ విషయము కొద్దిమంది మదుపుదారులదని ఎవరును తలపరాదు. 2015 ఆగస్టునుండి ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ తన రాబడిలో ఒక పాలును ఈటీఎఫ్‌ల ద్వారా వాటాలలో పెట్టుచున్నది. గాజువాకలో ఉక్కు కరగించు కార్మికుడును, సిరిసిల్లలో మగ్గము నడుపువాని కుమారుడై హైదరాబాదులోని ఒక కంపెనీలో చేరిన గుమాస్తాయును తమకు తెలియకయే ఈ కంపెనీల వాటాదారులైనారు. వారెవరును వార్షిక నివేదికను చదువరు. చదువవలెనని కోరుటయు న్యాయము కాదు. చదువగలవారు వారి పక్షమున చదివి ప్రశ్నించుటకు వీలుండవలెను.

కావున తమకు నా మనవి ఇది. తమ తనిఖీకి వచ్చిన ప్రతి తయారీ కంపెనీ నివేదికలోను విధానముల గమనికను తీసి, కంపెనీ పేరు చెరిపి, వేరొక పరిశ్రమకు చెందిన కంపెనీ పేరు పెట్టి చదివింపుడు. అర్థము ఏమాత్రమును చెడనిచో, ఆ గమనిక 2023 సవరణను ఉల్లంఘించినదనియే భావించి ఆడిటరును, ఆడిట్ కమిటీని సంజాయిషీ అడుగుడు. ఆస్తి ఆయువులోగాని, బాకీల శాతములలోగాని, సాధారణ ఉత్పత్తిశక్తిలోగాని, విలువ క్షీణత పరీక్షకు వాడిన వడ్డీరేటులోగాని పోయిన యేటికి ఈ యేటికి కలిగిన ప్రతి మార్పును, దానివలన లాభములో కలిగిన భేదమును రూపాయలలో ఒకేచోట చూపు పట్టిక నొకదానిని నిర్బంధము చేయుటకు కేంద్రప్రభుత్వమునకు సిఫారసు చేయుడు. అట్టి సిఫారసు చేయు అధికారము 132వ సెక్షనే తమకు ఇచ్చియున్నది. 2009నాటి వెసులుబాటు క్రింద యంత్రములలో కలిసిపోయిన మారకపు నష్టము ఇంకను ఎంత మిగిలియున్నదో, కంపెనీవారీగా, ఈ సంవత్సరపు నివేదికలోనే విడదీసి చెప్పింపుడు.

తమ సంస్థ తనిఖీ నివేదికలను ప్రజలముందు పెట్టుచున్నది. రాబోవు తనిఖీ నివేదికలలో ఈ గమనికలను గూర్చి ఒక ప్రత్యేక ప్రకరణమును చూడగోరుచున్నాను.

ఇట్లు విధేయుడు,
ఒక చిన్న వాటాదారుడు